నాలుగో మైకు

సంఘంలో అతణ్ణి అందరూ మైకాయన అంటారు. వారమంతా ఇళ్లలో వైరింగు పని చేసుకుంటాడు. ఆదివారం మాత్రం మందిరం వెనక మూలలో, మైకుల సౌండు సరిచేసే మిక్సర్ ముందు హెడ్‌ఫోన్ తగిలించుకుని కలెక్టరుగారిలా కూర్చుంటాడు. పాస్టరుగారికి దగ్గు వచ్చే ముందే మైకు తగ్గించేస్తాడని అతనికి పేరు.

కాలేజీ సెలవులకి కూతురొచ్చింది. బ్యాగు ఇంకా గుమ్మంలో ఉండగానే, "నాన్నా, నీతో ఒక మాట మాట్లాడాలి," అంది.

"తర్వాత మాట్లాడుకుందాం లేమ్మా. ముందు ప్రాక్టీసుకి పద. క్వైరంతా నీకోసమే కాచుక్కూచుంది," అన్నాడు.

సెలవులకొచ్చే పిల్లలు విశ్వాసంలో చల్లబడిపోకుండా చూడాలని ఆ మధ్యే సంఘంలో గట్టిగా అనుకున్నారు. చూడడమంటే వాళ్లకి తెలిసింది ఒక్కటే, పని అప్పజెప్పడం. ఒకణ్ణి సండేస్కూలుకి, ఒకణ్ణి కుర్చీలకి, ఈ పిల్లని పాటకి పంచేశారు. ఎలా ఉన్నావమ్మా అని అడిగే తీరిక మాత్రం ఒక్కరికీ లేకపోయింది.

ఆదివారం మొదటి పాటలో మైకాయన నాలుగో మైకు పెంచాడు. కూతురి గొంతు రాలేదు. వైరు ఊడిందేమో అనుకున్నాడు, అతని బుర్ర ముందు వైర్ల దగ్గరికే పోతుంది మరి. ఆ ఒక్క మైకునే హెడ్‌ఫోన్లో పెట్టుకుని విన్నాడు. ఊపిరి వినిపిస్తోంది. పెదాలు కదులుతున్నాయి. పాట లేదు.

తలెత్తితే కూతురు అతని వంకే చూస్తోంది. పాడేవాళ్లు అలా చూస్తే తమ ముందున్న స్పీకరులో సౌండు పెంచమని అర్థం. పెంచి, బొటనవేలెత్తి చూపించాడు. ఆమె తల దించుకుంది.

ఆ లోటు ఎవరికీ తెలియకుండా అతని చెయ్యి పక్క రెండు మైకులూ పెంచేసింది. పాట నిండుగా వినిపించింది. బయటికొచ్చాక పాస్టరమ్మగారు, "మీ అమ్మాయి ఎంత బాగా పాడిందండీ!" అంది.

"అంతా దేవుడి కృపండీ," అన్నాడు. ఆ మధ్యాహ్నం అతనికి ముద్ద దిగలేదు. అబద్ధమాడితే ఆడాడు, దాన్లోకి దేవుణ్ణి కూడా లాగాడు.

అడగాలనే అనుకున్నాడు. ఏం చెబుతుందోనని భయం. ఇంట్లో అందరి ముందూ ఎందుకులే అనుకున్నాడు, దారిలో ఆ రొదలో ఎందుకులే అనుకున్నాడు. తర్వాతి ఆదివారమూ అంతే, ఆమె చూడడం, ఇతను వేలెత్తడం. సొంత కూతురి దగ్గర దొంగలా తప్పుకు తిరిగాడు.

చివరి ఆదివారం వచ్చింది. సాయంత్రం ఆమె బస్సు. ఆరాధన మొదలవకముందే మైకాయన వేదికెక్కి నాలుగో మైకు స్టాండు మడిచేశాడు.

"అదేంటండీ, అమ్మాయి పాడదా?" అంది పాస్టరమ్మగారు.

"పాడదండీ. నా పక్కన కూర్చుంటుంది."

"గొంతు బాలేదా?"

అవునంటే అక్కడితో పోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"గొంతు బాగానే ఉందండీ," అన్నాడు.

కూతురొచ్చి మిక్సర్ పక్కన కూర్చుంది. పాట మొదలయ్యాక అతను హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు.

"నువ్వు పాడట్లేదు కదమ్మా."

"ప్రార్థన కూడా చెయ్యట్లేదు నాన్నా. కళ్లు మూసుకుంటే అవతల ఎవరూ లేనట్టుంటుంది." అతని వైపు తిరిగి, "నీకెప్పుడు తెలిసింది?" అంది.

"మొదటి ఆదివారమే."

ఆమె కోప్పడితే బాగుండేది. "పాడకపోతే నీకు తెలుస్తుందనే క్వైర్‌కి ఒప్పుకున్నా నాన్నా. ఎలా మొదలుపెట్టాలో నాకు తెలీలేదు. నువ్వే అడుగుతావేమోనని ప్రతి పాటకీ నీ వంకే చూశా. నువ్వేమో బొటనవేలు చూపించావు."

అతనికి ఏడుపొచ్చింది. ఊరందరి గొంతులూ సరిచేసే మనిషి, గుమ్మంలో అడిగిన ఒక్క మాట వినలేకపోయాడు.

ఇంతలో వేదిక మీద మైకొకటి కీచుమని అరిచింది. పాట ఆగింది. మందిరమంతా వెనక్కి తిరిగి అతని వంక చూసింది. అతని చెయ్యి అలవాటుగా మిక్సర్ మీదికి పోబోయి, ఆగి, కూతురి చెయ్యి పట్టుకుంది.

"చెప్పమ్మా," అన్నాడు. "మొదట్నుంచీ చెప్పు."