పెబ్బేరు సంతలో ఆగిన దెబ్బ

శనివారం పొద్దున్నే యాదమ్మ పెబ్బేరు సంతలో పొయ్యి రాజేస్తుంది. మొదటి చాయ్ మరిగేలోపే ఎడ్లు దిగడం మొదలవుతుంది. అయిజ దిక్కు నుంచి వచ్చేవి మోటారు బండ్లలో వస్తాయి, దగ్గరి ఊళ్లవి నడిచే వస్తాయి. చింతచెట్టుకూ నీళ్లతొట్టికీ మధ్య ఉన్న దారిలో ఒకచోట మాత్రం మనుషులందరూ తల వంచి, నాలుగడుగులు వేసి, మళ్లీ నిటారుగా నిలబడి నడుస్తారు. అలవాటైనవాళ్లు మాట్లాడుతూనే వంగుతారు. పిల్లలు, పొట్టివాళ్లు వంగకుండానే పోతారు. కొత్తవాళ్లు ఎవరైనా కనబడితే యాదమ్మ పొయ్యి దగ్గర్నుంచే కేకేస్తుంది.

"ఓ అన్నా, జర వంగి పో! ఆడ దెబ్బ ఉంది!"

వాళ్లు వంగి పోతారు. అంతే.

ఆ దెబ్బ లాల్ అహ్మద్ ఉస్తాద్‌ది. మనిషి చెవి ఎత్తులో, అడ్డంగా, గాలిలో ఆగిపోయి ఇరవై ఏండ్లయింది. కంటికి కనబడదు. వాన పడ్డప్పుడు మాత్రం చినుకులు దాని మీద పడి రెండు పక్కలకూ జారుతాయి, అప్పుడు కర్ర ఎంత పొడుగో తెలుస్తుంది. ఎడ్ల కొమ్ములు తగిలితే ఠంగుమంటుంది. ఒక ఎండాకాలం యాదమ్మ దాని మీద గోనెపట్టా కప్పి నీడ చేసుకుంది. తర్వాత ఎవరో చెరోపక్క ఒక రాయి పాతి సున్నం కొట్టారు.

లాల్ అహ్మద్ కర్రసాము నేర్పుతూ ఊరూరూ తిరిగే మనిషి. పుట్టింది నాగర్‌కర్నూల్ దిక్కు. పీర్ల పండుగకు ముందు ఒక ఊరు, జాతరకు ముందు ఇంకో ఊరు. భుజాన కర్ర, చంకన సంచి, అదే సంసారం. ఇరవై ఏండ్ల కింద ఒక శనివారం సంతలో ఆట చూపించి చాయ్ తాగుతుండగా, ఏసురత్నం అనే బేరగాడు కూలబడ్డ ఎద్దును లేపడానికి ముల్లుకర్రతో పొడుస్తూ కనిపించాడు. ఎద్దు లేవలేదు. మళ్లీ పొడిచాడు.

"ఒద్దు," అన్నాడు ఉస్తాద్.

"నీ పని నువ్వు చూస్కో సాయిబూ," అన్నాడు ఏసురత్నం, ఇంకోసారి పొడుస్తూ.

ఉస్తాద్ కర్ర లేచింది. ఏసురత్నం చెవి మీదికి అడ్డంగా విసిరాడు. తగిలితే మనిషి మిగలడు. ఆ క్షణానే ఏసురత్నం భార్య తిరుపతమ్మ చంటిబిడ్డను చంకనేసుకుని మధ్యకు ఉరికివచ్చింది. ఉస్తాద్ చేతిని ఆపుకున్నాడు. కర్ర వెనక్కి వచ్చింది. దెబ్బ రాలేదు.

కర్రసాములో మొదటిరోజు నేర్పేది ఒకటుంది. విసిరిన దెబ్బను మధ్యలో ఆపితే, వెంటనే వంగి కర్ర కొసను మట్టికి తాకించాలి. దెబ్బ మట్టిలోకి దిగిపోతుంది. వందల మందికి ఉస్తాదే నేర్పాడు ఆ పాఠం. ఆ రోజు మాత్రం అంతమంది ముందర ఏసురత్నం కాళ్ల దగ్గర వంగడానికి ఆయనకు మనసొప్పలేదు. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి ఆయన కుడిభుజం నొప్పి దిగలేదు. అన్నం తింటున్నా, పడుకున్నా ఆ చేయి ఇంకా పెబ్బేరులో ఎత్తే ఉన్నట్టుండేది. వనపర్తి దవాఖానలో డాక్టర్ అటూ ఇటూ వంచి చూసి, "ఎముక మంచిగనే ఉంది ఉస్తాద్. నీ చెయ్యి యాడనో పనిల ఉన్నట్టుంది. అది అయ్యేదాంక మందు లేదు," అన్నాడు. ఏటా ఒకసారి సంత లేని రోజు చూసి వచ్చి, దెబ్బను వెనక్కి గుంజి చూసేవాడు. దెబ్బ వెనక్కి రాదు. ముందుకే పోతుంది. అదీ ఎవరి కోసం లేచిందో ఆ మనిషి ఎదురుగా నిలబడితేనే.

ఏసురత్నం మళ్లీ సంతలో అడుగు పెట్టలేదు. ఎద్దు పండ్లు చూడకుండా, మూపురం మీద అరచెయ్యి ఆనించి దాని వయసు, గుణం చెప్పగలిగిన మనిషి. తువ్వాల కింద వేళ్లు పట్టి బేరం కుదిర్చితే రెండువైపులవాళ్లూ తృప్తిగా పోయేవారు. సంత మానేశాక ఆ చేతులకు ఊళ్లో పని లేదు. కూలీలను తోలుకుపోయే మేస్త్రీ లారీ ఎక్కాడు. పూణెలో కట్టడాలు, ఎక్కడెక్కడివో కాలువలు, నెత్తిన రాళ్లు, ఇటుకలు. పీర్ల పండుగకు ఇంటికి రావడం, పండుగ కాగానే మళ్లీ పోవడం.

దెబ్బ ఆగి ఇరవై ఏండ్లు నిండిన ఏడు, పెబ్బేరు రోడ్డును పెద్దగా చేస్తున్న ఏడు అది. పండుగ అయిపోయింది. సోమవారం లారీ వస్తుందని మేస్త్రీ సెల్‌ఫోన్‌లో చెప్పాడు. తిరుపతమ్మ మూట కడుతోంది. గోడకు ఆనుకుని కూర్చున్న ఏసురత్నం లేవబోయి, మళ్లీ కూలబడి, మూడోసారికి లేచాడు. ఆనాటి చంటిబిడ్డ నిరోష అది చూసింది. చెప్పులేసుకుంది.

"యాడికే?" అంది తిరుపతమ్మ.

"శ్రీరంగాపూర్‌కు. ఉస్తాద్ ఆడ ఉన్నడంట. నువ్వు ఆ మూట కట్టుడు జర ఆపు."

శ్రీరంగాపూర్‌లో పీర్లచావిడి ముందర, చల్లారిన నిప్పుల గుండం పక్కన, లాల్ అహ్మద్ ఎండకు కూర్చుని భుజానికి నూనె రాసుకుంటున్నాడు.

"ఉస్తాద్ అంటే నువ్వేనా తాతా?"

"నేనే బిడ్డా. నేర్చుకుంటవా ఏంది? పండుగ అయిపాయె గదా."

"నేర్చుకోనీకె రాలే. పెబ్బేరుల నీ సామాను ఒకటి ఇడిసిపెట్టి పోయినవు. తీస్కపొమ్మని చెప్పనీకె వచ్చిన."

ముసలాయన చేయి నూనె గిన్నెలోనే ఉండిపోయింది. "ఎవరి బిడ్డవు?"

"ఏసురత్నం బిడ్డను. ఆ దినం మా అమ్మ సంకల ఉన్నది నేనే."

ఆయన నూనె గిన్నె పక్కన పెట్టాడు. "మీ నాయిన ఎట్లున్నడు?"

"ఎట్లుంటడు? సంతకు పోడు, నీ దెబ్బకు భయం. ఇంట్ల ఉండలేడు, కడుపుకు భయం. సోమవారం మళ్ల లారీ ఎక్కుతుండు. ఈసారి పోతే తిరిగి రాడు తాతా. మనిషి అయిపోయిండు."

"నన్నేం జేయమంటవు బిడ్డా? గుంజీ గుంజీ నా బుజం పోయింది. అది దిగాలంటే మీ నాయిన ఎదురుంగ నిలబడాలె. దిగితే ఆయన తలకాయ పగుల్తది. వచ్చి నిలబడమని ఏ ముఖం పెట్టుకొని అడగాలె?"

"అందుకని ఇరవై ఏండ్లు తిరుగుతనే ఉన్నవా?"

"కూసుంటే నొస్తది. నడుస్తుంటే జర మరుస్త."

ఆమె అతని పక్కనే నేలమీద కూర్చుంది. కోపంతో వచ్చింది, ఆ కోపం ఎటు పోయిందో తెలియలేదు. "నీకు యాష్టకు రాలేదా తాతా, ఇట్ల మోసీ మోసీ?"

"వచ్చింది బిడ్డా," అన్నాడు ఉస్తాద్. "మస్తు వచ్చింది."

"అయితే శనివారం పెబ్బేరుకు రా. మా నాయినను నేను తోల్కొస్త."

"వస్తడా?"

"ఆయనకు గూడ వచ్చింది యాష్ట."

శనివారం ఏసురత్నం బిడ్డ భుజం పట్టుకుని సంతకు వచ్చాడు. పాతవాళ్లు గుర్తుపట్టడానికి తడబడ్డారు. యాదమ్మ చాయ్ గ్లాసు చేతిలో పెట్టి, "ఏసురత్నం, గిట్లయినవేందయ్యా!" అని పొయ్యి దగ్గరకు పోయింది. లాల్ అహ్మద్ అప్పటికే సున్నం కొట్టిన రాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"సలాం సాయిబూ."

"సలాం. ముసలోనివైతివి."

"నువ్వు పోరగానివే ఉంటివా మరి?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు. ఇరవై ఏండ్లుగా లోపల ఉన్న మాట ఒకటి అడిగాడు.

"ఆ ఎద్దు ఏమైంది?"

ఏసురత్నం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "లేసింది. నువ్వు పోయినంక నీళ్లు తాపిన, లేసింది. దానికి కావాల్సింది గవే. ముందే తాపాల్సుండె." రాళ్ల దిక్కు చూస్తూ, "కొట్టెయ్ సాయిబూ. తగిల్తే తగుల్తది. ఎదురుచూసుడు నాతోని గాదు ఇంగ," అన్నాడు.

పోయి రాళ్ల మధ్య, ఒకప్పుడు నిలబడ్డచోటే నిలబడ్డాడు. తిరుపతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఈసారి మధ్యకు రాలేదు. నిరోష ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఉస్తాద్ కర్ర ఎత్తి గాలిలో తడిమాడు. పాత చెప్పులో కాలు దూరినట్టు కర్ర దెబ్బలోకి దూరింది. ఆయన కళ్లు మూసుకుని, ఇరవై ఏండ్లుగా బిగబట్టిన చేతిని వదిలేశాడు.

ఒక పెద్ద గాలి వీచినట్టయింది. చింతాకు జలజలా రాలింది. ఏసురత్నం తలకు చుట్టుకున్న తువ్వాల కొస లేచి, మొత్తం ఊడి, యాదమ్మ పొయ్యి పక్కన పడింది.

ఉస్తాద్ కళ్లు తెరిచాడు. ఏసురత్నం నిలబడే ఉన్నాడు. దెబ్బ అతని తలకు జానెడు పైనుంచి పోయింది. అతను వంగలేదు. తప్పుకోలేదు. చేతనైనంత నిటారుగానే నిలబడ్డాడు. మోసిన రాళ్లు, ఇటుకలు అతన్ని అంతకే మిగిల్చాయి.

"ఓ దేవుడా!" అంది యాదమ్మ. "ఎప్పుడో రావచ్చునాయె గదయ్యా నువ్వు!"

ఏసురత్నం చెయ్యి పైకెత్తి నెత్తిమీద ఖాళీగా ఉన్న గాలిని తడుముకున్నాడు. తర్వాత ఒక రాయి మీద మెల్లగా కూర్చున్నాడు.

"ఏ ఏడాదికి ఇంత పొట్టిగైననో," అన్నాడు. "నాకెట్ల తెల్వాలె?"

ఉస్తాద్ అతని ముందు వంగాడు. ఏసురత్నం పాదాల దగ్గర కర్ర కొసను మట్టికి తాకించాడు. ఈగ వాలితే ఎద్దు చర్మం అదిరినట్టు నేల ఒక్కసారి అదిరి ఊరుకుంది. ఆయన కుడిచెయ్యి జారి పక్కకు వేలాడింది. ఎవరిదో చెయ్యి అన్నట్టు దానివంక చూసుకున్నాడు.

పొద్దు నెత్తిమీదికి రాకముందే అయిజ రైతు ఒకతను జోడెడ్లను తోలుకొచ్చి, "పెద్దాయినా, జర చెయ్యేసి చూడు," అన్నాడు. నిరోష తువ్వాల దులిపి తెచ్చి ఇచ్చింది. ఏసురత్నం ఎద్దు మూపురం మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "దీనికి ముందు నీళ్లు చూపియ్," అన్నాడు. సాయంత్రం సంత విడిచేదాకా జనం ఆ రాళ్ల మధ్య వంగే పోయారు. యాదమ్మ రెండుసార్లు మరిచిపోయి కేక కూడా వేసింది.

సోమవారం తెల్లవారి లారీ వచ్చి ఇంటిముందు ఆగింది. మేస్త్రీ తల బయటపెట్టి హారన్ కొట్టబోతుంటే నిరోష ఉరికివచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

"నాయిన రాడు. సంతకు పోవాలె."

"ఇయ్యాల సోమవారం. సంతేడిది?"

"శనివారం వస్తది గదా."

వాకిట్లో మూట విప్పి ఆరేసిన బట్టలు మేస్త్రీకి కనిపించాయి. లారీ తిప్పడానికి గేరు వేశాడు. మళ్లీ హారన్ మీదికి చెయ్యి పోతుంటే ఆమె గొంతు తగ్గించి అంది.

"హారన్ కొట్టకు, నీకు దండం పెడత. అరుగు మీద మా తాత పండుకున్నడు."

అరుగు మీద లాల్ అహ్మద్ కుడిచెయ్యి తలకింద పెట్టుకుని, ఆ పక్కకే ఒత్తిగిలి నిద్రపోతున్నాడు. శనివారం మధ్యాహ్నం తిరుపతమ్మ సంత నుంచి తోలుకొచ్చి పడుకోబెట్టిన మనిషి, అన్నానికి తప్ప లేవలేదు. లారీ చప్పుడు చేయకుండా వెనక్కి మళ్లింది.