ఎడంచేతి డ్రమ్ సెట్

"బొమ్మ మీద ఇస్త్రీపెట్టె పెట్టకు, తిరగేసి చెయ్యి. అది కాస్తా అంటుకుపోతే రేపు స్టేజీ మీద నేనేం వేసుకోను?" అన్నాడు మా ఆయన, గుమ్మంలోంచే.

తిరగేసే చేస్తున్నాను. ఈ నల్ల టీషర్టు ఇస్త్రీ చెయ్యడం నాకు కొత్తా? చొక్కాలు మారాయి, సైజులు పెరిగాయి, బొమ్మ మాత్రం మారలేదు. నలుగురు కుర్రాళ్ళు ఒక గోడకి ఆనుకుని నిలబడి ఉంటారు, లోకమంతా కలిసి వాళ్ళ సైకిళ్ళు ఎత్తుకుపోయినట్టు మొహాలు పెట్టుకుని. కింద 'తుప్పు' అని అక్షరాలు. అదీ మా బ్యాండు పేరు. మొదటి కేసెట్ అట్ట మీద వేసిన ఫోటో అది. మధ్యలో ఉన్నది పాడేవాడు, అంటే మా ఆయన. పక్కన ఇద్దరూ గిటార్లవాళ్ళు. ఆ చివర కర్రలు పట్టుకుని నిలబడ్డది మా మరిది. ఫోటో తీసేనాటికి వాడు కర్రలు పట్టుకుని నిండా నెల కాలేదు. ఆ కేసెట్‌లో వినిపించే ప్రతి దెబ్బా నాది.

కేసెట్ రికార్డు చేసినప్పుడు నాకు ఏడో నెల. పొట్ట అడ్డం వస్తోందని స్టూలు వెనక్కి జరుపుకుని, చేతులు చాపి వాయించాను. పెద్ద డ్రమ్ తొక్కినప్పుడల్లా లోపల బిడ్డ తిరిగి తన్నేది. ఫోటో తీసే రోజుకి నేను పురిటి మంచం మీద ఉన్నాను. "రెండు నెలలే. వాడు ఊరికే నీ స్థలంలో కూర్చుంటాడు, పిల్ల కాస్త నిలదొక్కుకోగానే నువ్వొచ్చేద్దువుగాని," అన్నాడు మా ఆయన. ఇప్పుడా పిల్లకి ముప్పై ఏళ్ళు. తను నిలదొక్కుకుని, ఉద్యోగం చేసుకుంటూ, తన ఇంటి అద్దె తను కట్టుకుంటోంది. మరిది ఇంకా లేవలేదు.

మా అత్తగారు మొదట్నుంచీ అనేది, "కాళ్ళు ఎడంగా పెట్టుకుని కూర్చుని కర్రలతో బాదడం ఏం పనమ్మా ఆడదానికి? పాడితే పోనీ ఏదో అనుకోవచ్చు." పెళ్ళికి ముందు నేను మా ఆయన్ని 'ఒరేయ్' అనేదాన్ని. బ్యాండులో అందరం ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్ళమే. పెళ్ళైన మర్నాడు అలవాటుగా అన్నాను, "ఒరేయ్, కాఫీ తాగుతావా?" అని. ఆవిడ చేతిలో గిన్నె జారి కింద పడింది. అప్పట్నుంచి 'ఏవండీ'. ముప్పై ఏళ్ళు ఏవండీ అన్నాక ఆ మనిషి నిజంగానే ఏవండీ అయిపోయాడు.

మరిదికి మొదట్నుంచీ వాయించడం నేర్పింది నేనే, అదీ పిల్లకి పాలిస్తూ. చెయ్యి ఖాళీ ఉండేది కాదు కనక నోటితో చెప్పేదాన్ని. వాడికి వచ్చింది, రాలేదని అనను. కానీ చివరి పాట ఒక్కటి వాడికి ఎప్పుడూ లొంగలేదు. అందులో మధ్యలో ఒక చోట దెబ్బలు ఇటునుంచి అటు దొర్లుకుంటూ పోవాలి, మెట్ల మీంచి బిందె దొర్లినట్టు. వాడు వాయిస్తే ఒక్కో మెట్టు మీద ఎవరో ఆపి పలకరించినట్టు ఉంటుంది. అయినా జనం ఊగిపోతారు. ఆ రోజుల్లో పుట్టిన బ్యాండ్లు ఎన్ని చచ్చిపోయాయో లెక్కలేదు, కొన్నింటికి మాత్రం వయసే రాదు. మొన్న సరుకుల కొట్టులో కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి ఈ టీషర్టే వేసుకుని, బల్ల మీద వేళ్ళతో ఆ దొర్లుడు కొడుతోంది. ఒక దెబ్బ వదిలేసింది. నా వేలు దానంతటదే కదిలి ఆ దెబ్బ వేసింది. "ఆంటీ! మీక్కూడా ఇష్టమా?" అంది కళ్ళు పెద్దవి చేసుకుని. "మా ఇంట్లోవాళ్ళకిష్టం," అని సంచీ తీసుకుని వచ్చేశాను. దారంతా నా మాట నాకే చేదుగా ఉంది.

మా ఆయన గుమ్మంలోంచి కదల్లేదు. అంటే ఇస్త్రీ సంగతి కాదు, ఇంకేదో ఉంది.

"తమ్ముడి మణికట్టు వాచింది. ఫ్లాస్కు ఎత్తడానికే లేదు."

"చూశాను. కట్టు కట్టింది నేనేగా."

"రేపటిది మామూలు షో కాదు. ముప్పై ఏళ్ళ పండగ. కెమెరాలు పెట్టి సినిమాలా తీస్తున్నారు. చివరి పాట కేసెట్‌లో ఎలా ఉందో అలాగే కావాలంటున్నారు." గొంతు తగ్గించాడు. "తెర వెనక ఇంకో సెట్ పెడదాం. నువ్వు వాయించు. వాడు ముందు కూర్చుని చేతులు ఆడిస్తాడు. ముందు సెట్‌లో గుడ్డలు కుక్కేస్తే చప్పుడు రాదు."

ఇస్త్రీపెట్టె నా చేతిలోనే ఉంది. పైకెత్తి పట్టుకున్నాను, లేకపోతే నిజంగానే కాలిపోయేది.

"నేనే ముందు కూర్చుంటే?"

నవ్వాడు. చెడ్డగా కాదు, పిల్లలు అడిగినదానికి నవ్వినట్టు. "జనం వచ్చేది ఆ నలుగుర్నీ చూడ్డానికి కదోయ్. ఈ వయసులో నిన్ను చూసి ఎవరీవిడ అంటే ఏం చెప్పను? బయటివాణ్ణి పెడితే విషయం పొక్కుతుంది. నువ్వయితే ఇంటి మనిషివి."

ఇంటి మనిషి. ఒకసారి పేపరు విలేకరి ఇంటికొచ్చి, "మేడమ్‌కి మీ పాటలు ఇష్టమేనా?" అని అడిగితే, "ఆవిడకి మ్యూజిక్ అంతగా తెలీదు. కానీ ఆవిడ లేకపోతే మాకు టీ కూడా పుట్టదు," అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. నేను ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. నేనూ నవ్వాను.

"సరే," అన్నాను. ఆ మాటకి మా ఆయన ఆశ్చర్యపోలేదు. నా నోట ఇంకో మాట వస్తుందని ఎప్పుడనుకున్నాడు గనక?

సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. ముందు వరసలో టిక్కెట్లు దొరికాయట, స్నేహితుల్ని తీసుకొస్తోందట. "అమ్మా, నీకో పిచ్చి సంగతి చెప్పనా? చివరి పాటలో బాబాయ్ డ్రమ్స్ ఉంటాయి చూడు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే నాకు నిద్రొచ్చేస్తుంది. అంత గోలలో! వీళ్ళంతా నవ్వుతారు. నాకు మాత్రం ఎక్కడో బాగా తెలిసిన చోట పడుకున్నట్టుంటుంది." నేను ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాను. ఇన్నేళ్ళూ దానికి చెప్పలేదు. బాబాయంటే దానికి ప్రాణం, నాన్నంటే గొప్ప. ఇంట్లో అందరూ సుఖంగా ఉన్నప్పుడు ఒక్క నిజం తెచ్చి మధ్యలో పెట్టడం దేనికని. "త్వరగా రా, ముందే కూర్చో," అన్నాను అంతే.

మర్నాడు మధ్యాహ్నం వ్యాన్‌లో హాలుకి వెళ్ళాను. సామాను దించడం, సెట్ బిగించడం, డ్రమ్ముల శ్రుతి చూడటం ఎప్పుడూ నా పనే. సౌండ్ చెక్ కూడా నేనే చేస్తాను. ఒక్కో డ్రమ్మునీ కొట్టి చూపిస్తే ఇంజనీరు మైకులు సరిచేసుకుంటాడు. మరిది షో మొదలయ్యే ముందు వచ్చి కూర్చోవడమే. సెట్ ఎలా ఉందో ఇంతవరకూ ఎవరూ వెనక్కి తిరిగి చూసింది లేదు. అన్నం పళ్ళెం ఎవరు కడిగారని ఎవరైనా చూస్తారా?

స్టేజీ చివర నల్ల తెర. తెర ముందు ఒక సెట్, వెనక ఒక సెట్. నాది ఎడంచేతి వాటం. మామూలువాళ్ళ సెట్‌ని అద్దంలో చూసినట్టు అన్నీ అటువి ఇటు, ఇటువి అటు పెట్టుకుంటే తప్ప నాకు కుదరదు. మా ఆయన చెప్పినట్టే వెనకది నాకు, ముందుది మరిదికి అమర్చడం మొదలుపెట్టాను. ముందు సెట్‌లో కుక్కడానికి పాత టీషర్టులు ఒక సంచీడు తెచ్చాను. మొదటిది తీసి మడత విప్పాను. అదే బొమ్మ. ఉతికి ఉతికి నలుగురి మొహాలూ తెల్లబోయాయి. ఆ నలుగురినీ డ్రమ్ములోకి తోయబోయి ఆగాను. హాలంతా ఖాళీ. ఎక్కడో ఎవరో కుర్చీలు తుడుస్తున్నారు.

తర్వాత సంచీ ఎత్తుకుని తెర వెనక్కి వెళ్ళి, ఆ గుడ్డలన్నీ వెనక సెట్‌లో కుక్కాను.

జుట్టు ముడేసుకున్న సౌండ్ ఇంజనీరు వైర్లు పట్టుకుని వచ్చాడు. నా కూతురి వయసే ఉంటుంది. "మేడమ్, మైకులు వెనక సెట్‌కే కదా? సార్ ఫోన్‌లో చెప్పారు."

"మారింది. ముందు సెట్‌కి పెట్టండి."

"సార్‌కి తెలుసా?"

"సెట్ సంగతి మీ సార్ ఎప్పుడైనా పట్టించుకున్నారా?"

నవ్వి మైకులు బిగిస్తున్నవాడల్లా సగంలో ఆగిపోయాడు. సెట్‌ని అటూ ఇటూ చూశాడు. "ఇది తిరగేసి ఉందేంటి మేడమ్?" స్టూలు మీద కూర్చుని చివరి పాటలో ఆ దొర్లుడు ఒక్కసారి వాయించాను. ఇన్నేళ్ళూ సోఫా చేతి మీద, దిండ్ల మీద, ఒడిలో, అందరూ నిద్రపోతుంటే కూడా వేళ్ళతో వేసుకున్న దెబ్బలు. దొర్లి దొర్లి కింద పడ్డాయి, ఒక్కటి తప్పిపోకుండా.

అతను చేతిలో వైర్లు కింద పెట్టాడు. "ఆ పాట హెడ్‌ఫోన్స్‌లో వింటుంటే దెబ్బలు తప్పు వైపు నుంచి వస్తాయండి. చిన్నప్పట్నుంచీ ఎవడో మైకులు తారుమారు చేశాడనుకున్నాను," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "పెద్ద డ్రమ్ ఇంకోసారి కొట్టండి మేడమ్," అన్నాడు.

మా ఆయన వచ్చేసరికి నేను ముందు సెట్ దగ్గరే ఉన్నాను. సౌండ్ చెక్‌లో ఎప్పుడూ ఉండే చోటే. మైకు దగ్గర ఖాళీ కుర్చీల వైపు తిరిగి రెండు ముక్కలు పాడాడు. తల తిప్పకుండానే, "అంతా రెడీయేనా?" అన్నాడు. నా గుండె కొట్టుకోవడం మైకుల్లో వినిపిస్తుందేమోనని భయమేసింది. "రెడీ," అన్నాను.

జనం వచ్చేశారు. తెర వెనక చీకట్లో ఆ మూగ సెట్ పక్కన నిలబడ్డాను. తెర సందులోంచి చూస్తే ముందు వరసలో కూతురు కనిపించింది, అదే టీషర్టు, పక్కన స్నేహితులు. ఇప్పటికైనా మించిపోలేదు. అమ్మో తప్పయిపోయింది, సెట్లు తారుమారయ్యాయి అంటే తిట్టుకుంటూనైనా సరి చేసుకుంటారు. నేను కాస్త మతిమరపు మనిషినన్న పేరు వస్తుంది, అంతేగా.

తెర కదిలింది. మా ఆయన తల లోపలికి పెట్టాడు. చీకట్లో డ్రమ్ములు లీలగా కనిపించి ఉంటాయి, తృప్తిగా చూశాడు.

"లైటు వెయ్యకు, నీ నీడ తెర మీద పడుతుంది. పాటల మధ్యలో దగ్గొద్దు. షో అయ్యాక కూడా వెంటనే బయటికి రావద్దు, అందరూ వెళ్ళాక వద్దువుగాని." వెళ్ళబోయి మళ్ళీ ఆగాడు. "అన్నట్టు నా ఫ్లాస్కులో వేడినీళ్ళు పోశావా?"

"పోశాను."

"నువ్వు లేకపోతే ఏమైపోతామో," అని వెళ్ళిపోయాడు.

హాల్లో లైట్లు ఆరిపోయాయి. జనం ఒక్కసారి అరిచారు. ఆ అరుపు నేల మీంచి పాకి నా అరికాళ్ళలోకి వచ్చింది. తెర పక్కకి తప్పించి ముందుకి నడిచాను. స్టూలు మీద కూర్చుని, కాళ్ళు ఎడంగా పెట్టుకుని, పెడల్ మీద పాదం ఆనించాను. ఇప్పుడు పొట్ట అడ్డం లేదు. స్టూలు ముందుకి లాక్కున్నాను.

చీకట్లో తడుముకుంటూ మరిది వచ్చాడు. కట్టు విప్పేసిన చేతిని గుండెకి పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి ఆగిపోయాడు.

"వదినా? నువ్విక్కడేంటి? ఇదేంటి, సెట్ తిరగబడి ఉంది?"

"తిరగబడి లేదు. నాకు సరిగ్గానే ఉంది."

"మరి నేనెక్కడ కూర్చోవాలి?"

"తెర వెనక నీకో సెట్ ఉంది. చప్పుడు రాదు, చెయ్యి నొప్పెట్టదు. వెళ్ళి కూర్చో నాయనా."

వాడు వాళ్ళ అన్న వైపు చూశాడు. అప్పటికే లైట్లు వెలుగుతున్నాయి, ముందు నీలంగా, తర్వాత తెల్లగా. ఎప్పుడూ వెనక్కి తిరగని మనిషి మైకు పట్టుకుని వెనక్కి తిరిగాడు. నోరు తెరుచుకునే ఉంది. కింద ముందు వరసలో నా కూతురు లేచి నిలబడింది.

కర్రలు పైకెత్తాను.

"ఒరేయ్," అన్నాను, మైకుల్లో హాలంతటికీ వినిపించేలా. "పాడతావా, నేను మొదలెట్టెయ్యనా?"