కడిగిన రోజు నీళ్లు

ఉదయం ఐదూ పదికి ఆయన భూతద్దాన్ని తొట్టి అద్దానికి ఆనించి చూశాడు. గుడ్లు తెల్లబడలేదు.

తొట్టిలో బోర్లించిన మట్టికుండీకి అంటుకుని ఉన్నాయవి. మొన్న పొద్దున లెక్కపెడితే నూట నలభై దాకా వచ్చాయి. అంచున ఉన్న ఆరు పాడయ్యాయి. మిగిలినవి తేనెరంగులో ఉన్నాయి, ఒక్కొక్క దానిలో ఒక నల్లచుక్క. పళ్లెంలా గుండ్రంగా, పలచగా ఉండే చేపలు రెండూ కుండీకి చెరోవైపు నిలబడి రెక్కలతో నీళ్లు విసురుతున్నాయి. ఈ జంట ఇంతకుముందు ఏడేళ్లలో పదకొండుసార్లు గుడ్లు పెట్టింది. పదకొండుసార్లూ మర్నాటికల్లా గుడ్లు సున్నం చల్లినట్టయ్యాయి. తల్లీ తండ్రీ కలిసి వాటిని తినేశాయి.

వీధిలో ఆయన్ని ఉప్పాయన అంటారు. ఇళ్లలో నీళ్లను మెత్తబరిచే మిషన్లు బిగించడం, వాటిలో ఉప్పు నింపడం ఆయన పని. ముప్ఫై ఒక్క ఏళ్లు పాతిక కిలోల బస్తాలు మోసి కుడిభుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగింది. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి ఉంటుంది. ఆ చుట్టుపక్కల కుళాయి మూతులకు సున్నం గడ్డకడుతుంది. అలాంటి నీళ్లలో ఈ చేపల గుడ్లు పొదగవు. అందుకని తన ఇంటి మిషన్ నీళ్లే తొట్టిలో పోశాడు. అయినా పొదగలేదు.

మిషన్ మూడు రోజులకోసారి తెల్లవారుజామున ఉప్పునీళ్లతో తనను తాను కడుక్కుంటుంది. కడిగిన వెంటనే వచ్చే నీళ్లు అన్నిటికన్నా మెత్తనివని ఆయన లెక్క. అందుకని ఆ రోజే లేచి, మొదటి ధారకే బకెట్ పట్టేవాడు. కిందటి నెల భార్య టీ గ్లాసు ఆయన ముందు పెట్టింది.

"ఏవండీ, మూడు రోజులకోసారి నా టీ ఎందుకు ఉప్పగా ఉంటుందో మీ మిషన్‌నే అడగండి."

ఈ మాట ఆవిడ అంతకుముందూ అంది. దెప్పుతోందనుకుని ఊరుకున్నాడు. ఆ రోజు మాత్రం ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, తొట్టి కోసం పట్టిన బకెట్‌లో వేలు ముంచి నాలుక్కి తాకించుకున్నాడు. కడిగాక మొదటి రెండు బకెట్లు పారబోయమని ఇంటింటా చెప్పేది ఆయనే.

"వంటింట్లో మనిషిని అడిగుంటే ఏడేళ్లు కలిసొచ్చేవిగా," అంది ఆవిడ.

"అడిగితే నువ్వు చేపలు అమ్మేయమనేదానివి."

"అదీ నిజమే."

అప్పటినుంచి మొదటి రెండు బకెట్లు కాలవలోకి పోతున్నాయి. మర్నాటి నీళ్లు పట్టి, అందులో సగానికి సగం వాననీళ్లు కలిపి మూత పెడతాడు. ఎప్పుడు పోయాలో, ఎంత పోయాలో మూత మీద సుద్దతో రాస్తాడు.

తొమ్మిదింటికి బస్తా భుజాన వేసుకుని టీచరమ్మ ఇంటికి వెళ్లాడు. ఆవిడ ఉద్యోగం మానేసి చాలాకాలమైంది. ఇల్లు మూడో అంతస్తులో ఉంది. మెట్ల మీద రెండుచోట్ల ఆగాడు. ఎప్పుడూ ఒకచోటే ఆగేవాడు.

"ఏమయ్యా ఉప్పాయనా, మీ వాళ్లు నీళ్లాడారా?" అంది టీచరమ్మ తలుపు తీస్తూ.

"ఇంకా పురిటిగదిలోనే ఉన్నారమ్మా. ఇవాళో రేపో."

"నీ మొహం చూస్తే నువ్వే కనేలా ఉన్నావు. కూర్చో ముందు. చెమట చూడు."

కూర్చోలేదు. మిషన్ మూత తీసి, గడ్డకట్టిన ఉప్పును కర్రతో పొడిచి, బస్తా విప్పి పోశాడు. పొరపాటున రాలిన నాలుగు ఉప్పురాళ్లు ఏరి అందులోనే వేశాడు. వెళ్లేముందు, "రేపు కడుగుతుందమ్మా. మొదటి రెండు బకెట్లు పారబోయండి," అన్నాడు.

"ఎన్నిసార్లు చెబుతావయ్యా?"

"ఒంటబట్టేదాకా చెప్పాలమ్మా," అని నవ్వాడు. ఎవరి గురించి అన్నాడో ఆవిడకు తెలియదు.

మరో నాలుగిళ్లు చూసుకుని ఆరింటికి ఇల్లు చేరాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగాడు. ఉప్పు చేత్తో తొట్టి ముట్టుకోడు. మర్నాటికి బకెట్ నింపి, మూత పెట్టి, సుద్దముక్కతో రాసి, భూతద్దం పట్టుకుని తొట్టి ముందు కుర్చీలో కూర్చున్నాడు.

ఆరూ నలభైకి వంటింట్లోకి వినబడేలా పిలిచాడు.

"ఇదిగో, ఇలా రా. తోకలు."

ఆవిడ చేయి తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది. కుండీ మీద వెంట్రుక ముక్కల్లాంటివి అల్లాడుతున్నాయి. ఒకటి జారి పడింది. తల్లి నోటితో అందుకుని మళ్లీ కుండీకి అతికించింది.

"తినేస్తుందేమో అనుకున్నా," అంది ఆవిడ.

"తినదు. ఇంకో మూడు రోజులాగితే ఇవే దాని ఒంటి మీద జిగురు తింటూ వెంట తిరుగుతాయి. చూద్దువుగాని."

"చూస్తాలెండి. పురుడు పోసిన మంత్రసాని అలిసిపోయుంటుంది, టీ తెస్తా."

"ఈసారి ఉప్పుండదు," అన్నాడాయన.

ఏడింటికి ఐదు నిమిషాలుందనగా ఆవిడ టీ తెచ్చింది. ఆయన గడ్డం ఛాతీకి ఆని ఉంది. భూతద్దం ఒళ్లో ఉంది. రెండుసార్లు పిలిచి, మూడోసారి కుడిభుజం మీద చేయి వేసింది. పక్కవీధి డాక్టరు ఏడూ ఇరవైకి వచ్చి నాడి చూశాడు. పోయి అరగంట అయ్యుంటుందన్నాడు. నొప్పి తెలిసి ఉండదని కూడా అన్నాడు.

మర్నాడు ఉదయం బంధువులు ఇంకా దారిలో ఉన్నారు. ఐదూ పదికి ఆవిడ భూతద్దాన్ని అద్దానికి ఆనించింది. తోకలు కదులుతున్నాయి. తొట్టి పక్కన బకెట్ ఉంది. మూత మీద సుద్దతో ఇలా ఉంది: రేపు పొద్దున, మూడు మగ్గులు, నెమ్మదిగా.