సన్యాసయ్య మీద పడని ముద్ర

నేను ఒక రబ్బరు స్టాంపును. పిడి తుమ్మకర్ర, మొహం రబ్బరు. మొహం మీద తిరగేసి చెక్కిన మాటలు రెండే: "చూచితిని, సజీవులు." చిన్నదాన్నని తీసిపారేయకండి. ముప్పై ఏళ్ళు ఈ తాలూకాలో పింఛను తీసుకునే ప్రతి ప్రాణానికీ పూచీ నాదే. నేను పడితే బతుకు, పడకపోతే చావు. యముడి దున్నపోతు మా సబ్ ట్రెజరీ గేటు దాకా వచ్చి, కాయితం మీద నన్ను చూసి, నాలుగు గడ్డిపరకలు కొరుక్కుని వెనక్కి పోయిన రోజులున్నాయి. నేనెన్నడూ పొరబడింది లేదు.

కోర్టు వీధిలో మస్తాన్ గారి కొట్లో పుట్టాను. అదే రోజు పశువుల డాక్టరుగారి స్టాంపు కూడా పుట్టింది. పశువులు బతికున్నట్టు ఏటేటా రుజువు చూపక్కర్లేదట. ఆ లెక్కన గేదెది మనకంటే మంచి జాతకం.

మొదట రామనాథం గుమస్తా చేతిలో పడ్డాను. "భోజనమైందాండీ?" అని అడిగి, నా మొహం మీద "హా" అని ఊది, అప్పుడు కొట్టేవాడు. ఆయన దిగిపోయాక తనూ వరసలో నిలబడ్డాడు. పదకొండేళ్ళు ఆయన కాయితం మీద పడ్డాను. పన్నెండో ఏడు ఆయన రాలేదు.

తరవాత తవిటినాయుడు వచ్చాడు. కోడి మెడ పట్టినట్టు పట్టుకునేవాడు నన్ను. మొహాలు చూడడు, కాయితాలే చూస్తాడు. అతన్నొక్కణ్ణే అనకూడదు. నేను కొత్తలో ఉన్నప్పుడు, పింఛనుదార్లు బతికున్నామని ఏటేటా చూపుకోవాల్సిన నవంబరు నెలలో, ముసలివాళ్ళతో వరండా సగం నిండేది. ఇప్పుడు వరస గేటు దాటి సైకిలు షాపు దాకా పోతోంది. సర్కారు వీళ్ళని ఇంటికి పంపింది గానీ, ఇంటి దగ్గర ఇన్నేళ్ళు ఉంటారనుకోలేదు. "జనం చావడం మానేశార్రా బాబూ," అని విసుక్కునేవాడు తవిటినాయుడు, వాళ్ళకి వినబడేలాగే.

ఆ వరండాలోనే పెన్షనర్ల సంఘం కూడా కూర్చునేది. కార్యదర్శి జోగారావు మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు. ఆయనకి సంతాప తీర్మానాలంటే పంచప్రాణాలు. పేరు దగ్గర ఖాళీ వదిలి ముందే రాసి ఉంచుకునేవారు. సంఘంలో ఓ ఆనవాయితీ ఉంది. నవంబరు మొదటి మూడు రోజులూ అందరూ వరండాకొచ్చి ఒకరికొకరు కనబడాలి. మూడు రోజులూ కనబడనివాడు పోయినట్టే. రెండు నిమిషాలు మౌనం, ఓ తీర్మానం, తరవాత టీ. తీర్మానం నకలు ట్రెజరీకి.

ఆ ఏడు కనబడనివాడు సన్యాసయ్య. కాలవ లస్కరుగా చేశాడు, అంటే తలుపులెత్తి పొలాలకి నీళ్ళు వదిలే పని. డెబ్భై ఎనిమిదేళ్ళు. పేరుకి సన్యాసే గానీ పెళ్ళాం గున్నమ్మంటే ప్రాణం. ఆవిడ పక్షవాతంతో మంచాన పడింది. ఆవిడ మందులూ గంజీ అతని పింఛనులోనే.

నాలుగో రోజు వచ్చాడు.

"ఏటి మాస్టరుగోరూ, నన్ను సంపీసినారంట?"

"చంపలేదయ్యా, సంతాపం తెలిపాం. నీ సేవల్ని కొనియాడాం కూడాను."

"పక్క తిప్పేవోళ్ళు లేక రాలేకపోనాను బాబూ. ఆ కాయితం రద్దు సేసీండి."

"ఏకగ్రీవ తీర్మానం! సంతాపాన్ని రద్దు చేసే పద్ధతి మన నిబంధనల్లో లేదు సన్యాసయ్యా. మార్చి సర్వసభ్య సమావేశంలో పెడదాం."

నలభై ఏళ్ళు పిల్లల తప్పులు ఎర్రసిరాతో దిద్దిన చెయ్యి, తన తప్పు దగ్గర కదలలేదు.

అక్కణ్ణుంచి తవిటినాయుడి బల్ల దగ్గరకొచ్చాడు. ఫైల్లో అప్పటికే "మరణించినట్టు తెలిసినది" అని రాసి ఉంది.

"నన్ను సూడండి బాబూ, ఊపిరి తీస్తన్నాను."

"నాకు కనబడుతున్నావయ్యా. ఫైలుకి కనబడాలి గదా," అన్నాడు తవిటినాయుడు.

అన్నాడే గానీ నన్నెత్తాడు. ప్యాడు మీద అద్దాడు. సన్యాసయ్య కాయితం మీదకి జానెడెత్తు దాకా తెచ్చాడు. ఒక్క జానెడు! మళ్ళీ ఏమనుకున్నాడో, "సంఘం ఉత్తరం ఇస్తే అప్పుడు చూద్దాం," అని పక్కన పెట్టేశాడు. నా మొహం మీద సిరా అలాగే ఎండిపోయింది.

ఇక్కడ ఓ మాట ఒప్పుకోవాలి. మొదట్లో చాలా కోతలు కోశాను. నా అంతట నేను ఒక్కడి మీదా పడిందాన్ని కాదు. ఎత్తితే లేచాను, దించితే పడ్డాను. పొరబడలేదన్నదీ అబద్ధమే. పోయిన ఓ అన్నగారి బదులు తమ్ముడు అదే మీసంతో మూడేళ్ళు వస్తే, మూడేళ్ళూ దర్జాగా పడ్డాను. చచ్చినవాణ్ణి బతికించడం నాకు చిటికెలో పని. బతికున్నవాణ్ణి బతికించడమే చేతకాలేదు.

సన్యాసయ్య సోమవారం సోమవారం వచ్చేవాడు. సంక్రాంతి వెళ్ళాక రావడం మానేశాడు. గున్నమ్మ మందుల కోసం రొయ్యల చెరువు మీద మేత బస్తాలు మొయ్యడానికి కుదిరాడని వరసలో ఎవరో అన్నారు. ఫిబ్రవరిలో ఓ పట్టపగలు బస్తాతో సహా గట్టు మీద కూలిపోయాడు.

కబురొచ్చినప్పుడు తవిటినాయుడు ఫైలు తీసి చూశాడు. "పోనీలే, రికార్డు సరిపోయింది. దిద్దే పని తప్పింది," అన్నాడు.

పూర్తిగా సరిపోలేదు లెండి. గున్నమ్మకి భర్త పింఛను రావాలంటే చావు తేదీ కావాలి. పంచాయతీ కాయితం ఫిబ్రవరి అంటుంది, ఫైలు నవంబరు అంటుంది. మీ భర్త ఎప్పుడు మరణించినదీ తేల్చి తెలుపవలెనని ఆవిడకి శ్రీముఖం వెళ్ళింది. మంచం మీంచి లేవలేని మనిషికి!

మార్చిలో సంఘం కూర్చుంది. ఎవరో సన్యాసయ్య పేరెత్తారు. "ఒక మనిషికి రెండు సంతాపాలుండవు. తరవాతి అంశం," అన్నారు జోగారావు మాస్టారు. అప్పుడు వెనక వరసలోంచి ఓ ముసలి కాంపౌండరు లేచాడు. కర్ర పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, ఒక్కడే రెండు నిమిషాలు నిలబడ్డాడు.

ఇప్పుడు నేను బల్ల కోడు కింద ఉన్నాను. పైన వేలిముద్రలు చూసే మిషను పెట్టారు. బల్ల ఊగుతోందని నన్ను కింద దోపారు. ముసలివాళ్ళ వేళ్ళు అరిగిపోయి గీతలు దొరకడంలేదని అది రోజంతా కీచుమంటుంది. గున్నమ్మ సంగతి మాత్రం ఇంతవరకూ తేలలేదు.

ఇంతసేపూ ఓపిగ్గా విన్నారు గనక దాచను. ఇందులో నేను కల్పించింది ఆ కాంపౌండర్ని. ఆ రోజు ఎవరూ లేవలేదు.