జిన్నింగ్ మిల్లు స్థలంలో నా పార్కు

మా వార్డును ఆడవాళ్లకు కేటాయించారని తెలిసిన రోజు మా ఆయన రఘురామ భోజనం చేయలేదు. కౌన్సిలర్‌గా నిలబడాలని ఆయన ఏళ్ల తరబడి ఈ తమిళనాటి రాజపాళయంలో ప్రతి పెళ్లికీ, ప్రతి చావుకీ వెళ్లి వస్తున్నారు. ఆ తిరుగుడు ఫలమంతా నా ఒళ్లో పడింది. నేను నిలబడ్డాను, గెలిచాను. పనంతా ఆయన చూసుకుంటారని, ఈ రంగనాయకి పట్టుచీర కట్టుకుని కూర్చుంటే చాలని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. తీరా గెలిచాక ఆయన అలిగి, తన మోటారు విడిభాగాల కొట్టు తప్ప ఇంకేమీ పట్టించుకోవడం మానేశారు.

కౌన్సిల్ సమావేశాల్లో నేను చేసిన పనల్లా చెయ్యి ఎత్తడం. తీర్మానం చదువుతారు, పక్కనున్నవాళ్లు ఎత్తితే నేనూ ఎత్తుతాను. ఒకసారి ఫ్యాను గాలికి ఎగిరిన జుట్టు సర్దుకోవడానికి ఎత్తిన చెయ్యి కూడా లెక్కలోకి వచ్చింది. దేనికి మద్దతిచ్చానో మర్నాడు పేపర్లో చూసి తెలుసుకున్నాను.

అయినా నాకూ ఒక ఆశయం ఉండేది. మా వార్డుకి ఒక పార్కు. షుగరు వచ్చింది, రోజూ నడవమని డాక్టరు చెప్పారు. మా వీధిలో నడుద్దామంటే ఒకవైపు షేర్ ఆటోలు, మరోవైపు బండ్లు. అందుకని ఎన్నికల్లో పార్కు తెస్తానని మాట ఇచ్చాను. ప్రజల ఆరోగ్యం కోసం అని మైకులో చెప్పాను. ఆ ప్రజల్లో మొదటి మనిషిని నేనేనని చెప్పలేదు. పైగా పార్కు గేటు దగ్గర ఒక నల్లరాయి ఉంటుంది కదా, దాని మీద పేరు ఉంటుంది కదా. అప్పటివరకు నా పేరు ఒక్క నీళ్ల ట్యాంకు మీదే ఉంది, అందులోనూ ఒక అక్షరం తక్కువ.

ఇలాంటి సమయంలో విమల్ వచ్చాడు. సత్రపట్టి వైపు రైతు కుటుంబంవాడు, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు, ఇప్పుడు స్థలాలు కొని ప్లాట్లు వేసి అమ్ముతాడు. మా వార్డులో మూతబడిన పాత జిన్నింగ్ మిల్లు స్థలం అతనే కొన్నాడు. శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా పొట్లం ఒక చేత్తో, ప్లాను కాగితం ఒక చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ప్లానులో ఒక మూల పచ్చరంగు వేసి ఉంది.

"అక్కా, ఈ ఎడం మొత్తం ఊరికి రాసిస్తుండాను. పూంగా కట్టుకోండి. మీ అత్తగారి పేరు పెట్టినా నాకు సమ్మతమే," అన్నాడు.

ఎడం అంటే చోటు, పూంగా అంటే పార్కే. మా దగ్గర ఈ తమిళ మాటలే వాడుక. పూంగా అన్న మాట విన్నాక నాకు ఇంకేమీ వినిపించలేదు. విమల్ ఆ తర్వాత చెప్పింది ఏమిటంటే, మిల్లు ప్రహరీ పక్కన మున్సిపాలిటీ సందు ఒకటి ఉంది, దాన్ని తన లేఅవుట్ రోడ్డులో కలుపుకోనిస్తే ప్లాట్లకు మెయిన్ రోడ్డు మీదకి వెడల్పైన దారి వస్తుంది, అందుకు కౌన్సిల్ తీర్మానం కావాలి. తీర్మానం నేనే ప్రవేశపెడతానన్నాను. ఊరికి పార్కు ఇస్తున్న దాతకి ఆ సమావేశంలోనే సన్మానపు శాలువా, అదే పొన్నాడ, కప్పాలని కూడా నేనే చెప్పి అజెండాలో వేయించాను. పొన్నాడ నేనే కొన్నాను. కొట్లో ఉన్నవాటిలో జరీ ఎక్కువగా ఉన్నది ఏరాను.

సమావేశం వారం ఉందనగా ఈ శుభవార్త వార్డులో చెప్పడానికి బయల్దేరాను. మొదట మిల్లు వెనకనున్న లైను ఇళ్లకి వెళ్లాను. మిల్లు నడిచే రోజుల్లో కూలీల కోసం కట్టిన వరస ఇళ్లు అవి. మిల్లు మూతబడ్డా ఆ కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. మగవాళ్లు నూలు మిల్లుల్లో, ఆడవాళ్లు గాయాలకి కట్టే కట్టుగుడ్డ నేసే షెడ్లలో పనిచేస్తారు. వాళ్లందరి ఓట్లూ నావే. అందరినీ పిలిచి, పార్కు వస్తుందని, చుట్టూ నడక దారి ఉంటుందని, రోజూ నడిస్తే షుగరు దిగుతుందని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. మర్యాదగా విన్నారు. కట్టుగుడ్డ షెడ్డులో గుడ్డ చుట్టలు చుట్టే బొమ్మి ముందు నిలబడి ఉంది. తల ఊపుతూనే ఉంది. నేను ముగించాక అడిగింది.

"రాత్రిపూట ఆ పూంగాలో పడుకోనిస్తారా అమ్మా?"

వేళాకోళం అనుకుని నవ్వాను. ఎవరూ నవ్వలేదు. అప్పుడు మెల్లగా బయటపడింది. లైను ఇళ్లు కూడా మిల్లు స్థలంలోవే. స్థలంతోపాటు అవీ విమల్‌వి అయ్యాయి. ఆడి నెల, అంటే ఆషాఢం, దాటేలోగా ఖాళీ చేయమని అతని మేనేజరు చెప్పిపోయాడు. ఊళ్లో అద్దెలు వాళ్ల కూలికి అందేవి కావు, మంసాపురం వైపు పోతే పనికి బస్సు మీద రావాలి. నేను వచ్చింది దాని గురించి ఏమైనా చెప్పడానికే అనుకుని అందరూ పని మానుకుని నిలబడ్డారట. నేను షుగరు గురించి చెప్పాను.

కనుక్కుని వస్తానని ఏదో గొణిగి, అటునుంచి అటే మున్సిపాలిటీ ఆఫీసుకి వెళ్లాను. ప్లాన్లు చూసే ఇన్‌స్పెక్టరు తమిళ్సెల్వన్ నెమ్మదస్తుడు. ఇంత ఉదారంగా పార్కు ఇస్తున్నాయన లైను ఇళ్లవాళ్లకి కూడా ఏదైనా చోటు చూపించడా, మీరు ఒక మాట చెప్పకూడదా అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని తమిళంలో నాకు పాఠం చెప్పారు. అంత పెద్ద లేఅవుట్ వేసేవాళ్లు ఎవరైనా రోడ్లూ, పార్కు స్థలమూ ఊరికి రాసివ్వాల్సిందే. అది దానం కాదు, చట్టం. ఇంకో భాగం పేదవాళ్లకి చిన్న ప్లాట్లుగా వదలాలి. వదలడం ఇష్టం లేకపోతే, బదులుగా ప్రభుత్వ గృహనిధికి రుసుము కట్టవచ్చు. విమల్ రుసుము కడతానన్నాడు. అదీ చట్టమే.

"అయితే ఆయన తన ఇష్టంతో ఇచ్చింది ఏమిటి?" అని అడిగాను.

తమిళ్సెల్వన్ నిజంగానే ఆలోచించారు. "మీ ఇంటికి పాలకోవా ఏమైనా తెచ్చారా?" అన్నారు.

పొన్నాడ ఆ వేళ నా సంచిలోనే ఉంది. లైను ఇళ్లవాళ్లకి చూపించి మురిసిపోదామని తీసుకెళ్లాను. దాన్ని ఇంకా లోపలికి కుక్కి, అయితే మన చేతిలో ఏమీ లేదా అన్నాను. ప్లాట్లా రుసుమా అన్నది స్థలం యజమాని ఇష్టమని, సందు మాత్రం ఊరిదని చెప్పి ఆయన ఫైలు మూసేశారు. ఆ మాటకి అర్థం నాకు తెలియడానికి ఇంటివరకూ షేర్ ఆటో ప్రయాణం పట్టింది.

ఇంటికొచ్చి విమల్‌కి ఫోన్ చేశాను. అతను కోపగించుకోలేదు. పక్కన చిన్న ఇళ్లుంటే మంచి ధరకి ప్లాటు ఎవరూ కొనరని, తాను బ్యాంకుకి కట్టుకోవాలని, నిధికి కట్టిన డబ్బుతో ప్రభుత్వమే పేదవాళ్లకి ఇళ్లు కడుతుందని ఓపికగా చెప్పాడు.

"ఎక్కడ కడతారు విమలూ?"

"ఎక్కడో ఒక తావు కడతారక్కా. తమిళనాడు పెద్దది గదా."

రాత్రి భోజనాల దగ్గర జరిగిందంతా మా ఆయనకి చెప్పాను. చట్టం ఇప్పించినదానికి నేను పొన్నాడ కొన్న సంగతి విని, గెలిచిన తర్వాత మొదటిసారి ఆయన కడుపుబ్బా నవ్వారు. నవ్వాక మజ్జిగ తాగి, ఒక్క మాట అన్నారు.

"తీర్మానం నీ పేరుతోదా వచ్చేది? అట్లైతే మార్చేదానికీ నీకే కదా హక్కు ఉండాది. లేచి చెప్పు, రంగా."

లేచి చెప్పడమంటే నాకు భయం. సమావేశం రోజు విమల్ తెల్లచొక్కా వేసుకుని అతిథుల కుర్చీలో కూర్చున్నాడు. లైను ఇళ్ల నుంచి బొమ్మి, ఇంకా కొందరు ఆడవాళ్లు వచ్చి వెనక నిలబడ్డారు. నా పేరు పిలిచారు. వారం రోజులు అద్దం ముందు వల్లించిన తమిళం మొత్తం మాయమైంది.

"ఈ తీర్మానాన్ని నేను వ్యతిరేకిస్తున్నాను," అన్నాను.

అది ప్రవేశపెడుతున్నది మీరేనమ్మా అని అధ్యక్షురాలు గుర్తుచేశారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, వేరే ఏం చేయాలో తెలియక. ఆ నవ్వులో భయం కాస్త తగ్గింది. సందు ఊరిది, దాన్ని ఇవ్వాలంటే చిన్న ప్లాట్లు ఆ స్థలంలోనే విడవాలి, వాటిని కొనే హక్కు మొదట లైను ఇళ్లవాళ్లకి ఉండాలి, అప్పటివరకు వాళ్లని కదిలించకూడదు, అని గడగడా చెప్పేసి కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు పార్కు అనబోయి పొన్నాడ అన్నానట. తర్వాత మా ఆయన చెప్పారు. ఆ రోజు కొట్టు మూసి ఆయన కూడా వచ్చి వెనక కూర్చున్నారు.

నోరెత్తని మనిషి ఒక్కసారి లేచేసరికి కౌన్సిల్ గందరగోళపడింది. దీని వెనక అవతలి పార్టీవాళ్లున్నారని ఇవతలివాళ్లు, ఇవతలివాళ్లున్నారని అవతలివాళ్లు అనుమానించారు. పేదవాళ్ల ఇళ్ల విషయంలో వెనకబడ్డామని పేరు వస్తుందేమోనని రెండువైపులవాళ్లూ నా షరతులకి చేతులెత్తారు. నా వాక్చాతుర్యం వల్ల నెగ్గిందని ఇప్పటికీ చెప్పుకుంటూ ఉంటాను, వినేవాళ్లు ఆ రోజు హాల్లో లేకపోతే.

తర్వాతి అంశం పొన్నాడ. అజెండాలో ఉంది గనుక చదివేశారు. నేనే వెళ్లి విమల్ భుజాల మీద కప్పాల్సి వచ్చింది. మర్నాడు పేపర్లో ఫోటో వేశారు. మా ఇద్దరి ముఖాలూ చూస్తే ఏ మరణవార్త విన్నామో అనిపిస్తుంది.

విమల్ కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. సందు లేకుండా ప్లాట్లు అమ్ముడుపోవని తేలాక చిన్న ప్లాట్లు వదిలాడు, కానీ వెనక మేం ఓడ అనే వాగు పక్కన, పల్లంలో. లైను ఇళ్ల కుటుంబాలన్నీ కొనలేకపోయాయి. సగంమంది మహిళా సంఘం అప్పుతో, నగలమ్మి వచ్చిన డబ్బుతో కొనుక్కున్నారు. మిగతావాళ్లు మంసాపురం వైపు వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లలో ఒకామె బస్‌స్టాండులో కనిపిస్తే నేను పలకరించాను, ఆమె బాగున్నానంది. అంతలో బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయింది. పార్కు వచ్చింది. త్రికోణంగా, పైన కరెంటు తీగలతో. చుట్టూ నడిస్తే చుట్టు తిరిగినట్టే ఉండదు, మలుపు తిరగడమే సరిపోతుంది.

బొమ్మి తన ప్లాటులో రెండు గదులు వేసుకుంది, పైన రేకులు. మరుసటి ఏడు ఐప్పసిలో, దీపావళి వానలకి, ఒక పొద్దున ఫోన్ చేసింది. ఓడ పొంగి నీళ్లు గుమ్మం దాకా వచ్చాయట. గొడుగు వేసుకుని వెళ్లాను. లైను ఇళ్లలో ఇరవై ఏళ్లు ఉన్నప్పుడు నీళ్లు మంచం దాకా వచ్చినా ఆమె ఏనాడూ ఎవరినీ అడిగింది లేదు. ఇప్పుడు గుమ్మంలో చెయ్యి నడుము మీద పెట్టుకుని నిలబడింది.

"ఓడ ఎప్పుడు తవ్విస్తారు? తేదీ చెప్పి పోండమ్మా," అంది.

చూస్తానన్నాను. చూస్తాననేది వద్దు, తేదీ కావాలంది. పక్కింటివాళ్లు, ఆ పక్కింటివాళ్లు కూడా బయటికి వచ్చి నిలబడ్డారు. నేను చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఆ బురదనీళ్లలో నిలబడే తమిళ్సెల్వన్‌కి ఫోన్ కలిపాను.