అయిదు రోజుల కొరత

ఆమె పదహారేళ్లు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పింది. వీధిలో వాళ్లు, కూరగాయల బండివాడు, చివరికి అత్తగారు కూడా ఆమెను లెక్కల టీచరనే అనేవారు. భర్తను కంపెనీవాళ్లు వేరే దేశానికి పంపినప్పుడు ఆమె పెద్దగా బెంగపడలేదు. త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే ఏ దేశంలోనైనా నూట ఎనభై డిగ్రీలే, ఎక్కడికెళ్లినా నా పని నాకుంటుంది అనుకుంది.

అక్కడ బడిలో పాఠం చెప్పాలంటే ముందు టీచర్ల రిజిస్ట్రేషన్ ఆఫీసులో పేరు నమోదు కావాలి. వాళ్లడిగే కాగితాలు పదకొండు. డిగ్రీ, ట్రైనింగ్ సర్టిఫికెట్, సర్వీసు సర్టిఫికెట్, పోలీసులిచ్చే నడవడిక పత్రం, అక్కడి భాషలో పరీక్ష రాసి తెచ్చుకున్న మార్కులు, ఇలా పది కాగితాలు ఆమె విమానం ఎక్కకముందే సిద్ధం చేసుకుంది. ప్రయాణానికి ఆర్నెల్ల ముందే రాసిన ఆ భాష పరీక్ష మార్కులు రెండేళ్లు చెల్లుతాయన్నారు. అన్నాళ్లు ఎవరిక్కావాలి, రెండు నెలల్లో బడిలో ఉంటాను అనుకుంది.

పదకొండో కాగితం పేరు ఆమె ఎప్పుడూ వినలేదు. ట్రైనింగ్ చదివే రోజుల్లో ఏ బడికి వెళ్లి, ఏయే తరగతులకు, ఎన్ని రోజులు పాఠాలు చెప్పిందో ఆ కాలేజీవాళ్లు రాసి, కవరుకు సీలు వేసి, నేరుగా ఆఫీసుకే పంపాలట.

తమ్ముడిని పురమాయించింది. అతను మొదటిసారి కాలేజీకి వెళ్తే గుమాస్తా భోజనానికి వెళ్లాడు. రెండోసారి ప్రిన్సిపాలు సెలవు. మూడోసారి గుమాస్తా దొరికాడు గానీ, అలాంటి కాగితం తమ దగ్గర ఇవ్వరనీ, రోజులు ఎవరూ లెక్కపెట్టరనీ, మార్కులే వేస్తారనీ చెప్పాడు. నాలుగోసారి మాత్రం తమ్ముడు హుషారుగా ఫోన్ చేశాడు.

"అక్కా, పనైపోయింది. కాగితం ఎలా ఉండాలో నువ్వే రాసి పంపితే టైపు చేసి సంతకం పెట్టిస్తాడట. ఎన్ని రోజులో కూడా నువ్వే వేసుకోమన్నాడు."

"నేనెలా వేస్తాన్రా? ఉన్నదున్నట్టు రాయమను. పాత రిజిస్టర్లు ఉంటాయిగా, తీయమను."

తమ్ముడు గొణిగాడు. అయినా అక్క మాట కాదనలేక మరో మూడుసార్లు తిరిగాడు. అటక మీంచి దించిన రిజిస్టర్లలో చెదలు తినకుండా మిగిలినదాంట్లో ఆమె పేరు దొరికింది. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి, నలభై రోజులు. గుమాస్తా ఆ ముక్కే టైపు చేసి, కవరుకు లక్క సీలు వేసి, ఆఫీసు అడ్రసుకు బదులు ఆమె ఇంటి అడ్రసుకు పంపాడు. ఆమె దాన్ని విప్పకుండా పట్టుకెళ్లి ఇస్తే, మీ చేతిమీదుగా వచ్చింది కాబట్టి తీసుకోం అన్నారు. మళ్లీ తమ్ముడు, మళ్లీ గుమాస్తా, మళ్లీ లక్క. పదకొండు కాగితాలూ ఆఫీసుకు చేరేసరికి ఆమె ఆ దేశం వచ్చి తొమ్మిది నెలలైంది.

ఈలోగా ఊరికే కూర్చోలేక ఇంటి దగ్గరి బడిలో క్లాసు సహాయకురాలిగా చేరింది. పెన్సిళ్లు చెక్కడం, బల్లలు తుడవడం, కాగితాలు జిరాక్సు తీయడం, చిన్నపిల్లల బూట్ల తాళ్లు కట్టడం ఆ పని. ఒకరోజు ఒక పిల్ల మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా తెలియక పెన్సిలు కొరుకుతుంటే, ఆమె కాగితం మడిచి చూపించింది. పిల్ల ముఖం వెలిగింది. సాయంత్రం క్లాసు టీచరు ఆమెను పక్కకు పిలిచి, చాలా మర్యాదగా, పాఠం చెప్పడం మీ పనిలో లేదని గుర్తుచేసింది. తిట్టినా బాగుండేది. ఆమె సరేనని తల ఊపి, రంగులు కలిపిన గిన్నెలు కడగడానికి వెళ్లింది. కుళాయి నీళ్ల కింద గిన్నెలు తోముతూ, నేను చెప్పింది తప్పయితే కదా అని పదిసార్లు అనుకుంది.

నాలుగు నెలలకు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. బడిలో పాఠాలు చెప్పిన శిక్షణ కనీసం నలభై అయిదు రోజులుండాలి, మీకు అయిదు రోజులు తక్కువ.

భర్త ఆ ఉత్తరం చదివి నెత్తి పట్టుకున్నాడు. "వేసుకోమన్నప్పుడు ఓ యాభై వేసుకోవాల్సింది. ఎవడొచ్చి చూసేవాడు?"

"అబద్ధం రాయించుకుని పిల్లలకు లెక్కలు చెప్పమంటారా?"

"ఇప్పుడు చెప్తున్నావా మరి?"

ఆమె రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. అతని మాట గుచ్చుకుని కాదు. అదే మాట తనకూ ఉత్తరం విప్పిన క్షణంలోనే తోచింది, అందుకు.

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఒక పెద్ద భవనంలో మూడో అంతస్తు. టోకెన్ తీసుకుని, ఒకదానికొకటి బిగించిన ఇనుప కుర్చీల్లో కూర్చుంటే, ఎదురుగా గోడ మీద సుద్దముక్క పట్టుకుని నవ్వుతున్న టీచరు బొమ్మ. గంటన్నరకు ఆమె నంబరు వచ్చింది. అద్దం వెనక కూర్చున్నావిడ ఓపిగ్గానే మాట్లాడింది. ఆ ఓపికే లెక్కల టీచరుకు ఒళ్లు మండించింది.

"పదహారేళ్లు రోజుకు ఆరు పీరియడ్లు చెప్పాను. అందులోంచి అయిదు రోజులు ఇటు కలుపుకోకూడదా?"

"అది అనుభవం కిందికి వస్తుందండీ. శిక్షణ కిందికి రాదు."

"శిక్షణ ఎందుకు? అనుభవం రావడానికే కదా?"

కౌంటరావిడ కాసేపు స్క్రీన్ వైపు చూసి, అందులో అలా రాయడానికి గడి లేదంది. ట్రైనింగ్ కాలేజీలో మళ్లీ చేరితే శిక్షణ ఇస్తారు, కోర్సు ఏడాది. లేదా ఏ బడివాళ్లయినా ఒప్పుకుని, రిజిస్టరైన టీచరొకరు పక్కనుండి చూసి నివేదిక రాస్తే చాలు.

ఆ ఆదివారం ఆడపడుచు వచ్చింది. భర్త చెల్లెలు, ఆ దేశం వచ్చి పదేళ్లైంది. సొంతూళ్లో పెద్దాసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి. ఇక్కడ మందుల గోడౌన్లో అట్టపెట్టెల మీద చీటీలు అంటిస్తుంది. సంగతంతా విని నిట్టూర్చింది.

"వదిలెయ్ వదినా. నేనూ ఆర్నెల్లు కాళ్లరిగేలా తిరిగాను. ఒకటిస్తే ఇంకోటి అడుగుతారు. మా గోడౌన్లో మనుషులు కావాలంటున్నారు, రా. కనీసం ఇంటికొచ్చాక తలనొప్పి ఉండదు."

ఆమెకూ వదిలేయాలనే ఉంది. కానీ వదిలేస్తే ఆ నలభై రోజులకూ, తమ్ముడు తిరిగిన తిరుగుడుకూ అర్థమేముంటుందన్నది ఒకటి; ఇంకోటి, మొండితనం.

తాను పనిచేసే బడిలో అడిగింది. హెడ్మాస్టరు ఇన్సూరెన్సు అన్నాడు, కమిటీ అన్నాడు, వచ్చే నెల చూద్దామన్నాడు. మూడు నెలలు నీళ్లు నమిలాక సరేనన్నాడు. పెద్ద తరగతులకు లెక్కలు చెప్పే కుర్రమాస్టారు పక్కనుండి చూడటానికి ఒప్పుకున్నాడు. పాతికేళ్లుంటాయి. ఆమె దగ్గర చదువుకున్న మొదటి బ్యాచ్ పిల్లలకన్నా చిన్నవాడు. ఆమె మెడలో "శిక్షణార్థి" అని రాసిన బిళ్ల వేశారు. పిల్లలు దాన్ని చదివి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అయిదు రోజులూ అతను వెనక బెంచీలో కూర్చుని రాసుకున్నాడు. ఆమె సమీకరణాలు చెప్పింది. సుద్ద పట్టుకుంటే చెయ్యి దానంతటదే నడిచింది. నెలల తరబడి గిన్నెలు కడిగిన మనిషికి ప్రాణం లేచొచ్చినట్టయింది. చివరి రోజు క్లాసయ్యాక అతను నివేదిక ఫారం పట్టుకుని తటపటాయిస్తూ వచ్చాడు.

"ఇందులో కనీసం ఒక లోపమైనా రాయాలి. లేకపోతే వెనక్కి పంపుతారు."

"చేతిరాత బాగోలేదని రాయండి."

"బాగానే ఉందిగా." అతను పెన్ను మూత తీసి పెట్టి, మళ్లీ తీశాడు. "నిజంగా ఒకటి చెప్పనా? మీరు ప్రశ్న అడుగుతారు. ఎవరైనా ఆలోచించేలోపు జవాబు మీరే చెప్పేస్తారు. ఐదు రోజులూ చూశాను."

ఆమెకు ముఖం వేడెక్కింది. అరవై మంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడు, పూర్తికావాల్సిన సిలబసు, ఇవేవీ తెలియని వాడితో ఏం వాదించాలి? అదే చెప్పింది, కాస్త గట్టిగానే చెప్పింది. ఇక్కడ ఇరవై రెండు మందేనని మాత్రం అతను అన్నాడు.

"రాసుకోండి," అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక కోపం దిగి, దాని అడుగున ఉన్నది పైకి తేలింది. పదహారేళ్లలో ఎంతమంది పిల్లలు నోరు తెరవబోయి, ఆమె గొంతు విని మూసుకున్నారో. అతను చెప్పింది నిజం. ఆ నిజం చెప్పడానికి ఈ బిళ్లా, ఈ ఫారమూ, ఈ ఏడాదిన్నరా ఎందుకు కావాల్సి వచ్చిందో మాత్రం ఆమెకు అర్థం కాలేదు. స్టాఫ్ రూములో కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టి ఉంటే ఏ మధ్యాహ్నమో చెప్పేసేవాడు.

నివేదిక పంపింది. ఏడు వారాలు గడిచాయి. ఎనిమిదో వారం వచ్చిన ఉత్తరంలో శిక్షణ కొరత తీరిందని ఒక వాక్యం. కింద ఇంకో వాక్యం. మీ భాష పరీక్ష మార్కుల గడువు గత నెలతో ముగిసింది, కొత్తవి సమర్పించగలరు.

ఈసారి ఆమె భర్తకు చూపించలేదు. ఆడపడుచుకు ఫోన్ చేసి, ఏడుపు ఆపుకోలేక పెట్టేసింది. అరగంటలో ఆడపడుచు గోడౌన్ యూనిఫాంలోనే వచ్చింది. సెలవు పెట్టానని, చెప్పులేసుకోమని అంది.

మళ్లీ మూడో అంతస్తు, టోకెను, ఇనుప కుర్చీలు. అద్దం వెనక అదే ఆవిడ. లెక్కల టీచరు ఉత్తరం అద్దం కిందినుంచి తోసి, ఏం అడగాలో తెలియక నిలబడిపోయింది. ఆ దేశపు భాషలో ఒక్క మాటా నోటికి రాలేదు. అప్పుడు ఆడపడుచు ముందుకు వచ్చింది.

"ఈవిడ కాగితాలు మీ దగ్గరే ఏడు వారాలున్నాయి. ఆ ఏడు వారాల్లోనే గడువు అయిపోయింది. ఆలస్యం మీది, పరీక్ష ఈవిడదా?"

కౌంటరావిడ తేదీలు చూసింది. మొదటిసారి ఆమె ముఖంలో ఓపిక పోయి, ఇబ్బంది కనబడింది. మీరన్నది నిజమేనంది. ఫిర్యాదు చేసుకోవచ్చంది. ఫిర్యాదు తేలడానికి తొంభై పనిదినాలు పడతాయి, పరీక్ష రాస్తే ఫలితం రెండు వారాల్లో వస్తుంది. గొంతు తగ్గించి, మీ స్థానంలో నేనైతే పరీక్షే రాస్తానంది.

మెట్లు దిగాక కింద గేటు దగ్గర ఆడపడుచు ఆగి, "ఆ రోజుల్లో నా తరఫున ఇలా అడిగేవాళ్లు లేకపోయారు వదినా," అంది. ఆమె ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ బస్సు వచ్చేదాకా అలాగే నిలబడ్డారు.

పరీక్ష గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటరుతో మాట్లాడాలి. తెర మీద ప్రశ్న వచ్చింది. మీరు దేనికోసమైనా ఎక్కువకాలం ఎదురుచూసిన సందర్భం గురించి రెండు నిమిషాలు చెప్పండి. ఆమె మొదలుపెట్టింది. గుమాస్తా భోజనం దగ్గర మొదలుపెట్టి లక్క సీలు దాకా వచ్చేసరికి రెండు నిమిషాలు అయిపోయి మైకు ఆగిపోయింది. పక్క కుర్చీలో ఉన్నతను ఉలిక్కిపడి చూశాడు కాబట్టి గట్టిగానే మాట్లాడి ఉంటుంది. మార్కులు మొదటిసారి కన్నా ఎక్కువొచ్చాయి.

రిజిస్ట్రేషన్ ఉత్తరం ఒక బుధవారం వచ్చింది. అదీ ఏడాదికే, ఆ ఏడాది చివర ఇంకో టీచరు చూసి ఇంకో నివేదిక రాస్తే పక్కా అవుతుందట. భర్త పొంగిపోయి తమ్ముడికి ఫోన్ కలిపాడు. తమ్ముడు ముందు నవ్వి, తర్వాత, ఆ గుమాస్తా పోయిన నెలే రిటైరయ్యాడనీ, ఇంకో కాగితం కావాలంటే మాత్రం తన వల్ల కాదనీ చెప్పాడు.

"ఇంక అయిపోయిందిగా, మర్చిపో," అన్నాడు భర్త.

"మర్చిపోను," అంది. "సంతోషంగానే ఉంది. కానీ మర్చిపోను."

తాను పనిచేసే బడిలో ఖాళీ లేదన్నారు. రెండు బస్సులు మారి వెళ్లాల్సిన ఇంకో బడిలో, కాన్పుకు సెలవు పెట్టిన టీచరు స్థానంలో అయిదు నెలలకు తీసుకున్నారు. సోమవారం పొద్దున్నే వెళ్లింది. స్టాఫ్ రూములో కుర్చీలన్నీ ఎవరెవరివో అయి ఉన్నాయి. అక్కడున్నవాళ్లలో ఒకామె లేవబోతే వద్దని, సంచీ కిటికీ గట్టు మీద పెట్టింది. హాజరు పుస్తకం తీసుకుంది. గంట కొట్టారు. వరండా చివరి గదిలోంచి బల్లలు లాగుతున్న చప్పుడూ, పిల్లల గోలా వినబడుతున్నాయి. ఆమె అటు నడిచింది.