అరుపులక్క గొంతు

గాలి లేదు ఆ గదిలో.

ఫ్యాను ఆపేశారు. ఏసీ ఆపేశారు. మైకుకి చెవులెక్కువ మరి — కాలు కాస్త కదిపినా పట్టేస్తుంది.

ఎదురుగా తెర మీద మాత్రం గాలివాన. చెట్లు నేలకి వంగుతున్నాయి. ఇంటి కప్పు లేచిపోతోంది. ఒక అందమైన అమ్మాయి నోరంతా తెరిచి అరుస్తోంది… చప్పుడు లేకుండా.

ఆ చప్పుడు మైకు ముందు నిలబడ్డ ఈమె ఇవ్వాలి.

పేరుకి డబ్బింగ్ చెప్పడం ఈమె పని. అరవడం ఈమె వంతు. రెండూ ఒకటి కాదు. సినిమాలో మాటలన్నీ ఇంకొకావిడ చెబుతుంది — తియ్యటి గొంతు, పెద్ద పేరు. మంటలు, వరదలు, పురిటి నొప్పులు, శవం మీద పడి ఏడవడాలు వచ్చేసరికి ఈమెకి ఫోను. స్టూడియోలో అందరూ అరుపులక్క అంటారు. ముద్దుగానే అంటారు. ముద్దుగా అడిగితే ఈమె కాదనలేదు.

అదే వచ్చిన చిక్కు.

కొందరు పుట్టుమచ్చతో పుడతారు, ఈమె మొహమాటంతో పుట్టింది. "ఒక్క సీనేనమ్మా" అంటే సరే. "నువ్వు తప్ప దిక్కు లేదు" అంటే సరే. జ్వరంలో సరే. సెలవు రోజున సరే. సరే, సరే, సరే… ఆ ఒక్క మాటకి మాత్రం గొంతు ఎప్పుడూ బొంగురుపోలేదు.

మిగతా అన్నిటికీ పోయింది.

ఇంట్లో అమ్మ. అమ్మకి చెవుడు. సాయంత్రం ఈమె ఇల్లు చేరేసరికి గొంతులో గాలి తప్ప మాట ఉండదు.

"ఏమన్నావే? గట్టిగా చెప్పు" అంటుంది అమ్మ.

ఈమె చెబుతుంది. పెదాలు కదులుతాయి. అమ్మ కాసేపు చూసి, అర్థమైనట్టు తలూపుతుంది. అర్థం కాలేదని ఇద్దరికీ తెలుసు.

ఊరందరి కోసం అరిచి అరిచి, కన్నతల్లి దగ్గర మూగదైపోవడం… సిగ్గుగా ఉంటుంది ఈమెకి. ఏడుపొస్తుంది. ఏడవడానికి కూడా గొంతుండదు.

మొన్న గొంతు డాక్టరు లైటు వేసి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. ఇలాగే అరిస్తే ఇక మాట తిరిగి రాదన్నాడు. ఈమె సరే అంది. ఆయనకీ సరే, స్టూడియో వాళ్ళకీ సరే.

అయినా ఇవాళ వచ్చింది.

అరుపులు ఎప్పుడూ ఆఖర్న పెట్టుకుంటారు. గొంతు పోయినా ఆ రోజుకి పనైపోయి ఉంటుందని. ఇవాళేమో పొద్దున్నే అరిచి, మధ్యాహ్నం ఇంకో సినిమాకి ఏడవాలట. ఆ సంగతి చెప్పడానికే స్టూడియో ఓనరు స్వయంగా లోపలికొచ్చాడు. ఈమె అన్నయ్య అని పిలుస్తుంది. ఆయన చెల్లెమ్మా అంటూనే పని నెత్తిన పెడతాడు.

"మాటలు చెప్పినావిడే ఈ అరుపు కూడా అరవచ్చు కదన్నయ్యా?" అని అడిగింది. అడగడమే మొదటిసారి.

ఆయన నవ్వాడు. "భలేదానివే! ఆవిడ గొంతు పాడైపోదూ?"

ఎంత తేలిగ్గా అన్నాడు! పాపం, ఏ దురుద్దేశమూ లేదు. ఉంటే క్షమించేసేది కూడా.

తెర మీద చెట్లు వంగుతూనే ఉన్నాయి. ఒక్క ఆకు చప్పుడు లేదు.

కోపం వచ్చింది. అరికాలి నుంచి వచ్చింది. ఇన్నేళ్ళూ ఎవరెవరి కోపాలో అరువు తెచ్చుకుంది — ఇది సొంతం.

"నాదీ గొంతే అన్నయ్యా."

"అయ్యో, కాదన్నానా? ఈ ఒక్కసారికి—"

"చేయను."

అరవలేదు. మామూలుగా అంది. అద్దం అవతల సౌండ్ ఇంజనీరు ఉలిక్కిపడి తలెత్తాడు. మళ్ళీ దించేసుకున్నాడు.

"మాటలుంటే పిలవండి, వస్తాను. రోజుకి ఒక సినిమాకే. అరుపులకి మాత్రం రాను."

"ఇలాగైతే వేరేవాళ్ళని చూసుకోవాల్సొస్తుంది చెల్లెమ్మా."

"చూసుకోండి."

సంచి భుజాన వేసుకుంది. రేపు పని ఉండకపోవచ్చు. పోనీ. పాత మొహమాటం గుమ్మం దాకా చెయ్యి పట్టుకుని వచ్చింది — పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఒక్కటి అరిచేసి పో అని. విదిలించుకుంది. బరువైన తలుపు భుజంతో తోసింది.

వీధిలో గాలి!

చప్పుడున్న గాలి. దుమ్ము లేపుతోంది, రేకులు కొడుతోంది, జుట్టంతా మొహం మీదికి తెస్తోంది. తలుపులు బిగించిన గదుల్లో ఎన్ని తుపానులకి గొంతిచ్చిందో… ఒక్కటీ ఒంటికి తగల్లేదు. ఇది తగిలింది. ఇల్లు చేరేదాకా ఈమె ఆ గాలిలో నడుస్తూనే ఉంది.

మేడ మీద అమ్మ ఆరేసిన బట్టలు తీస్తోంది. వీపు ఇటు. దుప్పటి ఎగిరెగిరి ఆమె చేతికి చిక్కడం లేదు.

"అమ్మా!"

మాట పూర్తిగా వచ్చింది. గాలిని దాటుకుని పైకి వెళ్ళింది.

అమ్మ గిరుక్కున తిరిగింది. దుప్పటి జారిపోయింది.

"వినపడిందిలేవే! ఎందుకంత అరుపు? నాకేమన్నా చెవుడా?"

ఈమె పగలబడి నవ్వింది. సంచిలో ఫోను మోగుతోంది. ఓనరే అయ్యుంటాడు. బతిమాలడానికో, ఇక రావద్దని చెప్పడానికో… మోగనీ.

గాలి ఇంకా పెరిగింది.

"వస్తున్నా!" అంది పైకి చూసి. అమ్మ వినేసింది.

అయినా మళ్ళీ అంది.